నాన్న దాచుకుని తాగుతున్న బెరడు కషాయం: మాన్పించాలా, వదిలేయాలా?

నైరోబీ నుంచి ఒకావిడ చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ళ నాన్నగారికి 68 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో హైస్కూలు సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్ళయింది. ఒక్కరే ఉంటున్నారని కూతురూ అల్లుడూ ఆరు నెలలకి నైరోబీ తెచ్చుకున్నారు. తల్లి ఉండగానే, మూడేళ్ళ కిందట, మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని గుంటూరులో డాక్టర్ టామ్సులోసిన్ మాత్ర రాశారు. షుగరుకి కూడా మందు వాడుతున్నారు. ఇండియా తిరిగి వెళ్ళగానే కంటి శుక్లానికి ఆపరేషన్ ఉంది.

తాతయ్య గదిలో పడుకునే పిల్లాడు ఒకరోజు పొద్దున్నే, "తాతయ్య రాత్రి ఐదుసార్లు లేచాడమ్మా, చాలాసేపు బాత్రూంలోనే ఉంటున్నాడు" అన్నాడు. ఆమె మందుల డబ్బా తెరిచి చూస్తే టామ్సులోసిన్ స్ట్రిప్పుల్లో మొదట్లో వేసుకున్న కొన్ని తప్ప ఒక్క మాత్ర కూడా కదల్లేదు. దేవుడి అలమర వెనక స్వాహిలి పేపర్లో చుట్టిన బెరడు ముక్కలు దొరికాయి. బయటివైపు నల్లగా, లోపల ఎర్రగా ఉన్నాయి. ఆయన ఫ్లాస్కులో ఉన్నది టీ కాదు, ఆ బెరడు మరిగించిన కషాయం. నెలన్నరగా పూటకో గ్లాసు తాగుతున్నారు.

ఇచ్చింది ఇంట్లో పనిచేసే ఆవిడ. యాభై దాటిన మనిషి, కెన్యాలోని కికుయు తెగ, ఊరు న్యేరి వైపు. పెద్దాయన అనే గౌరవంతో నాన్నగారిని 'ముజే' అని పిలుస్తుంది. తన తండ్రికీ ఇదే బాధ ఉండేదని, తమ పొలం గట్టున ఉన్న ముయిరి చెట్టు బెరడు తాగితే నెమ్మదించిందని చెప్పి తెచ్చిచ్చింది. ఈమె కోపం పట్టలేక, "మా నాన్నకి ఏమన్నా అయితే నువ్వు చూస్తావా?" అని గట్టిగా అరిచేసింది. ఆవిడ రెండు రోజులుగా తలెత్తి మాట్లాడటం లేదు. నాన్నగారు అన్నం దగ్గర కూడా మౌనం. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ఫోన్లో, "నాన్నకి ఆఫ్రికా నాటుమందులు తాగిస్తున్నావా అక్కా? వెంటనే ఫ్లైట్ ఎక్కించు" అంటున్నాడు. భర్తేమో, "పెద్దాయనకి గురి కుదిరింది, వదిలేయ్" అంటున్నారు. ఇంకో ఐదు వారాల్లో తిరుగు ప్రయాణం. ఊళ్ళో స్నేహితుల కోసం రెండు కిలోల బెరడు పట్టుకెళ్తానని నాన్నగారు ముందే ఆవిడతో అనుకున్నారట. "ఇది మందా, విషమా? నాన్న మనసు నొప్పించకుండా ఎలా మాన్పించాలి?" అని అడిగారు.

ఉత్తరం మూడో పేజీలో మీరు ఒక వాక్యం రాసి దాటేశారు: "వచ్చిన కొత్తలో ఆ మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని ఒకసారి అన్నారు, నేను పనిలో ఉండి పట్టించుకోలేదు." అమ్మా, ముడి పడింది అక్కడే. బెరడు సంగతి తర్వాత చెబుతాను.

టామ్సులోసిన్ చేసేది ప్రోస్టేట్ దగ్గర, మూత్రసంచి మూతి దగ్గర బిగుసుకున్న కండరాన్ని వదులు చేయడం. అదే గుణం వల్ల కొందరికి కూర్చున్నవాళ్ళు లేచినప్పుడు బీపీ కాస్త పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రాత్రి నిద్రలో లేచి చీకట్లో బాత్రూంకి నడిచే పెద్దాయనకి అది చిన్న విషయం కాదు. ఆయన ఎక్కడో గోడ పట్టుకుని నిలదొక్కుకుని ఉంటారు. పడితే తుంటి విరుగుతుంది, కూతురికి భారమవుతాను అని భయపడి ఉంటారు. ఆ భయంలో మాత్ర మానేశారు. మానేశాక బాధ మళ్ళీ మొదలైంది. కూతురితో ఒంటికి వెళ్ళే విషయం ఏ తండ్రి మాట్లాడతాడు? మీ అమ్మగారు ఉంటే ఆమెతో చెప్పుకునేవారు. ఆమె లేరు. అలాంటి సమయంలో ఒక మనిషి, 'మా నాన్నకీ ఇంతే ముజే' అంది. ఆ ఒక్క మాటే ఆయనకి సగం మందు అయి ఉంటుంది.

పైగా ఆయనకిది వింత కాదు. మన పల్లెల్లో మూత్రం సరిగ్గా రాకపోతే పల్లేరు కాయల కషాయం కాచి ఇవ్వడం ఆయన చిన్నప్పుడు చూసే ఉంటారు. పల్లేరు నుంచి ముయిరికి ఆయన వేసింది ఒక్క అడుగే. మీ తమ్ముడు 'ఆఫ్రికా నాటుమందు' అన్న మాట మటుకు నాకు నచ్చలేదు. అది మన పల్లేరు కాయ లాంటిదే, ఇంకొక నేల అనుభవం.

ఇక చెట్టు సంగతి. ముయిరిని శాస్త్రంలో ప్రూనస్ ఆఫ్రికానా అంటారు. మందుల వ్యాపారంలో పాత పేరు పైజియం. కామెరూన్ నుంచి కెన్యా దాకా, ఇంకా మడగాస్కర్‌లో, ఎత్తైన కొండ అడవుల్లో పెరుగుతుంది. బాదం, ఆల్‌బుఖారా పండు కుటుంబం దానిది. బెరడు నల్లగా పెచ్చులు పెచ్చులుగా ఉంటుంది. ఆ కొండ ప్రాంతాల జనం జ్వరానికీ కడుపునొప్పికీ తరతరాలుగా వాడుతున్నారు. ఫ్రాన్సులో జాక్ దెబా 1966లో ఈ బెరడు సారాన్ని ప్రోస్టేట్ బాధకి మందుగా పేటెంట్ చేశాడు. అప్పటినుంచి యూరప్‌లో అది మాత్రల రూపంలో అమ్ముడవుతోంది. అంటే మీ ఇంట్లో ఆవిడ చెప్పింది గాలిమాట కాదు. అది ముందు ఒప్పుకుందాం.

ఎంత పనిచేస్తుంది? మొత్తం 18 పరీక్షలు, 1,562 మంది మగవాళ్ళ మీద జరిగినవి, వైద్య పరిశోధనలని సమీక్షించే కోక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి చూసింది. రాత్రి లేవడం దాదాపు 19 శాతం తగ్గింది, ధార వేగం 23 శాతం పెరిగింది, లోపల మిగిలిపోయే మూత్రం 24 శాతం తగ్గింది. బాగానే ఉన్నట్టుంది కదా? కానీ ఐదుసార్లు లేచే మనిషికి 19 శాతం అంటే నాలుగుసార్లు. ఆ పరీక్షలు కూడా నెల నుంచి నాలుగు నెలల లోపు జరిగినవే. ఏళ్ళ తరబడి వాడితే ఏమిటన్నది వాటిలో తేలలేదు. అందులో వచ్చిన ఇబ్బందులు ఎక్కువగా కడుపులో వికారం, విరేచనాలు, మలబద్ధకం లాంటి చిన్నవే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ నాన్నగారు సైన్సు మాస్టారు కాబట్టి ఆయనకి ఇట్టే అర్థమవుతుంది. ఆ పరీక్షల్లో ఎవరూ కషాయం తాగలేదు. బెరడులో పనిచేస్తాయనుకునే స్టెరాల్ లాంటి పదార్థాలు నూనెలో కరిగే రకం, నీళ్ళలో కరగవు. అందుకే మందు తయారుచేసేవాళ్ళు ద్రావకాలతో సారం తీస్తారు. ఒక కిలో సారానికి 114 నుంచి 222 కిలోల దాకా బెరడు పడుతుంది. రోజుకి ఇచ్చే మోతాదు ఆ సారం 100 మిల్లీగ్రాములు. నీళ్ళతో మరిగించినప్పుడు ఫ్లాస్కులోకి దిగేది ఎక్కువగా వగరు, రంగు. కాబట్టి 'పరీక్షల్లో రుజువైంది' అన్న మాట మీ అలమర వెనక ఉన్న పొట్లానికి వర్తించదు.

విషమా అని అడిగారు. బెరడు గీరి వాసన చూడండి, చేదు బాదం వాసన వస్తుంది. ఆ కుటుంబం చెట్లలో నలిపినప్పుడు సైనైడ్ పుట్టించే పదార్థాలు కొద్దికొద్దిగా ఉంటాయి. చేదు బాదం పిల్లలకి పెట్టొద్దనేది అందుకే. నెలన్నరగా తాగుతున్నా మీ నాన్నగారు తిరుగుతున్నారు, తింటున్నారు కాబట్టి ఈ నిమిషాన మీరు హడలిపోవాల్సిన పని లేదు. కానీ ఒక్కో చెట్టుకీ ఒక్కో పాళ్ళు, పొట్లానికీ పొట్లానికీ తేడా. ఎండిన బెరడు ముక్కలు అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆవిడ తమ పొలం నుంచి తెచ్చింది వేరు, అయిపోతే బజార్లో కొనేది వేరు. 'మగవాళ్ళ సమస్యలకి' అని సంతల్లో అమ్మే కలగూర పొడుల జోలికి మాత్రం అసలు వెళ్ళనివ్వకండి. అలాంటి సరుకులో చెప్పకుండా లైంగిక సామర్థ్యం మాత్రల మందు కలిపినట్టు చాలా దేశాల్లో పట్టుబడింది. టామ్సులోసిన్ వాడే మనిషికి అది తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

నిజానికి నా భయం బెరడు మీద కాదు, దాని చాటున జరిగేదాని మీద. మాత్ర ఆపేశారు, కషాయం తాగుతున్నారు, 'కాస్త నయంగానే ఉంది' అనుకుంటున్నారు. ఆ లోపల మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకుండా నిలవ ఉండిపోతుంటే నొప్పి తెలియదు, మెల్లగా కిడ్నీల మీద పడుతుంది. రాత్రి ఐదుసార్లు లేవడం ప్రోస్టేట్ వల్లే కానక్కర్లేదు, షుగర్ పెరిగినా లేస్తారు. ప్రోస్టేట్‌లో క్యాన్సర్ ఉన్నా మొదట్లో ఇలాంటి బాధే తప్ప వేరే గుర్తు ఉండకపోవచ్చు. యూరప్‌లో ఈ సారం మాత్రలకి ఇచ్చిన అధికారిక పత్రంలోనే, ముందు డాక్టర్ చూసి పెద్ద జబ్బేదీ లేదని తేల్చాకే వాడాలని రాసి ఉంది.

మా మేనమామ ఒకాయన ఇలాగే ఎవరికీ చెప్పకుండా ఏడాది నెట్టుకొచ్చాడు. ఒక పెళ్ళిలో జలుబు చేసిందని రెండు మాత్రలు వేసుకున్నాడు. ఆ రాత్రి చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు బిందెలా ఉబ్బి, పెళ్ళివారి గదిలో గోడకి తల ఆనించుకుని నిలబడ్డాడు, కూర్చోలేక. అప్పటికీ మమ్మల్ని లేపలేదు. తెల్లవారుజామున ట్యూబు వేస్తే గానీ ప్రాణం కుదుటపడలేదు. జలుబు మందుల్లో కొన్ని మూత్రం దారిని ఇంకా బిగిస్తాయి. నైరోబీలో జూన్ నుంచి ఆగస్టు దాకా చలి అంటారు కదా, మీ ఇంట్లో దగ్గు సిరప్పులు, జలుబు మాత్రలు ఆయన చేతికి అందకుండా చూడండి. మూత్రం అసలు రాకపోయినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, బట్టల్లో తెలియకుండా కారిపోతున్నా, కషాయం తాగాక తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకున్నా ఒక పని అన్నిటికీ ముందుది, ఈ వారంలోనే నైరోబీలో యూరాలజిస్టుకి చూపించడం. మూత్ర పరీక్ష, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ప్రోస్టేట్ కోసం చేసే పిఎస్ఏ రక్తపరీక్ష, ఇంకా ఒంటికి వెళ్ళొచ్చాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కానింగు. ఐదు వారాలు ఆగి గుంటూరులో చూద్దాం అనుకోవద్దు. మీ తమ్ముడు అన్నట్టు రేపే ఫ్లైట్ ఎక్కించడం కూడా నేను ఒప్పుకోను. మూత్రం ఆగే ప్రమాదం ఉందో లేదో తేలకుండా అన్ని గంటలు విమానంలో కూర్చోబెట్టడం ఎందుకు?

కషాయం మాన్పించి మాత్రే వాడించడం మొదటి దారి. వైద్యపరంగా నాకు ఇదే సూటిగా కనిపిస్తోంది. కానీ మీరు హుకుం జారీ చేస్తే ఆయన సరేనంటారు, మాత్ర జేబులో వేసుకుంటారు, పొట్లం ఇంకోచోటికి మారుతుంది. ఈ దారి పనిచేయాలంటే కళ్ళు తిరుగుతున్నాయన్న ఫిర్యాదుకి ముందు జవాబు దొరకాలి. డాక్టర్‌తో అది కచ్చితంగా చెప్పండి. వేళ మార్చడం, ఆ జాతిలోనే వేరే మందు, గ్రంథి సైజు తగ్గించే ఇంకో రకం మాత్ర, ఇలా వాళ్ళ దగ్గర మార్గాలుంటాయి. ఆ సైజు తగ్గించే మాత్రలు పూర్తిగా పనిచేయడానికి ఆరు నెలలు పట్టొచ్చు, పిఎస్ఏ లెక్కని కూడా దాదాపు సగానికి దించుతాయి. అందుకే అవి మొదలుపెట్టకముందే పిఎస్ఏ చూడాలి. మీ అంతట మీరు పాత స్ట్రిప్పు తెరిచి మళ్ళీ మొదలుపెట్టించకండి.

కషాయం బదులు అదే చెట్టు సారంతో చేసిన మాత్రలు, మోతాదు రాసి ఉన్నవి, డాక్టర్‌కి చెప్పి వాడటం రెండోది. స్కానింగులో ఇబ్బంది లేదని తేలి, బాధ ఓ మోస్తరుదే అయితే కొందరు డాక్టర్లు దీనికి ఒప్పుకుంటారు. ఆయన మాటకి విలువ ఇచ్చినట్టూ ఉంటుంది. కానీ ఇది గ్రంథిని చిన్నది చేయదు, లాభం అంతంత మాత్రమే. కొన్ని దేశాల్లో ఇవి మందుల కింద కాకుండా ఆహార పూరకాల కింద అమ్ముడవుతాయి కాబట్టి సీసాకీ సీసాకీ నాణ్యత మారుతుంది. రెండు మూడు నెలలు చూసి తేడా లేకపోతే ఆపేయాలన్న షరతు ముందే పెట్టుకోవాలి.

మీ వారన్నట్టు వదిలేయడం మూడోది. ఆయన ఉద్దేశం మంచిదే, మామగారి గౌరవం కాపాడాలని. కానీ ఏ పరీక్షా లేకుండా వదిలేస్తే అది గౌరవం అనిపించుకోదు. పరీక్షలన్నీ బాగుండి, డాక్టర్‌కి తెలిసి, మాత్ర వేసుకుంటూ, అప్పుడప్పుడు ఓ గుక్క తాగుతానంటే యుద్ధం చేయకండి. మాత్రకి బదులుగా అయితే మాత్రం వద్దు.

ఎలా అడగాలన్నది మీ అసలు బాధ. మీరు కాదు, మీ వారిని అడగమనండి. ఇంట్లో కాదు, సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు. "మామయ్యగారూ, ఆ మాత్ర వేసుకుంటే కళ్ళు తిరిగాయట కదా, నాకు చెప్పాల్సింది. ఒకసారి వెళ్ళి వేరేది రాయించుకుందాం, నేనూ వస్తాను" అంటే చాలు. బెరడు ప్రస్తావన మొదట తేవద్దు. ఆయనే తెస్తారు. తెచ్చినప్పుడు నీళ్ళలో స్టెరాల్ కరగదన్న సంగతి చెప్పి, ఆయన్నే వివరించమనండి. నలభై ఏళ్ళు పిల్లలకి ద్రావణాల పాఠం చెప్పిన మనిషి, ఆయన నోటితోనే తేల్చుకుంటారు. ఇక రాత్రి బాత్రూం దాకా ఒక చిన్న లైటు పెట్టండి. సాయంత్రం ఆరు తర్వాత టీ, కాఫీ, ఎక్కువ నీళ్ళు తగ్గిస్తే ఒకటి రెండుసార్లు లేవడం తగ్గొచ్చు. పగలు మాత్రం నీళ్ళు మానకూడదు.

కంటి ఆపరేషన్ సంగతి మర్చిపోకండి. టామ్సులోసిన్ వాడినవాళ్ళకి శుక్లం తీసేటప్పుడు కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై డాక్టర్‌కి ఇబ్బంది పెడుతుంది. మాత్ర మానేసినా ఆ ప్రభావం ఉండొచ్చు. ముందే తెలిస్తే వాళ్ళు జాగ్రత్తపడతారు. ఇది కాగితం మీద రాసి ఆయన పాస్‌పోర్టు కవర్లో పెట్టండి.

రెండు కిలోల బెరడు ఇండియాకి వద్దు. 1995 నుంచి ఈ చెట్టు, ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది, దాని బెరడు దేశాలు దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. మన వైపు మొక్కల క్వారంటైన్ నిబంధనలు వేరే. కారణం కూడా నాన్నగారికి చెప్పండి. యూరప్ మందుల కోసం కామెరూన్ కొండల్లో చెట్ల బెరడు చుట్టూ ఒలిచేశారు, కొట్టి పడేశారు. చుట్టూ ఒలిస్తే చెట్టు నిలబడే చచ్చిపోతుంది. ఎదురెదురుగా రెండు పక్కల మాత్రమే తీసి, కొన్నేళ్ళు ఆగితేనే మళ్ళీ కడుతుంది. ఊళ్ళో స్నేహితులకి కావాల్సింది బెరడు కాదు. 'నాకు ఇలా అయింది, నేను స్కానింగు చేయించుకున్నాను, మీరూ వెళ్ళండి' అని ఒక మాస్టారు అరుగు మీద కూర్చుని చెప్పడం. వాళ్ళలో సగం మంది ఇదే దాచుకుని తిరుగుతుంటారు.

ఇక ఆవిడ. పొలం గట్టు మీద నాన్న వాడిన చెట్టు నుంచి బెరడు తీసి, మోసుకొచ్చి, మీ నాన్నకి ఇచ్చింది. తన దగ్గరున్న వాటిలో మంచిదే ఇచ్చింది. డాక్టర్‌ని అడగకుండా ఇకమీదట ఏదీ ఇవ్వొద్దని మీరు చెప్పాలి, తప్పదు. కానీ ముందు 'నిసమేహే' అనండి, క్షమించమని. వాళ్ళ నాన్నగారు ఎలా ఉండేవారో అడగండి. ఆయనకి డాక్టర్ చూశాడా, చివరికి ఏమైందో కూడా అడగండి. ఆమె చెప్పేది మీ నాన్నగారు కూడా వినేటట్టు, వంటింట్లోనే కూర్చుని అడగండి.

అలమర వెనక పొట్లాన్ని పారేయకండి. ఆ పేపర్‌తో సహా సంచిలో వేసుకుని, ఆయన చేతికే ఇచ్చి, డాక్టర్ బల్ల మీద పెట్టించండి. ఎన్ని ముక్కలు, ఎన్ని నీళ్ళు, ఎన్నిసార్లు అన్నది ఆయన్నే చెప్పనివ్వండి.